‘ఏం తగల్దులే న్నా’: జీపు షాఫ్టు విషయంలో వినకూడని సలహాలు

అనంతపురం వైపు పాత మహీంద్రా జీపుకు వేరే ఇంజను, వేరే గేరుబాక్సు ఎక్కించుకునేవాళ్ళకు సలహాల కరువు ఉండదు. షెడ్డులో మెకానిక్ ఒకటి చెబుతాడు, లేతు షాపాయన ఇంకొకటి చెబుతాడు, టీ తాగుతూ నిలబడ్డ లారీ డ్రైవరు మూడోది చెబుతాడు. ఇంజను గురించీ క్లచ్చు గురించీ వాళ్ళు చెప్పేవాటిలో చాలామటుకు పనికొచ్చేవే. గేరుబాక్సు వైపు నుంచి చక్రాలకు బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే మాట: "ఏం తగల్దులే న్నా, ఇంచు గ్యాపు ఉండాది." ఆ ఇంచు ఎప్పుడు కొలిచిన ఇంచు? బండి ఎట్లా నిలబడి ఉన్నప్పటి ఇంచు? ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

సిమెంటు గచ్చు మీద ఉన్న సందు వంకలోకి దిగేసరికి ఉండదు. ఒక చక్రం గుండ్రాయి ఎక్కి, ఇంకోటి గుంతలో వేలాడుతుంటే కమాన్లు ఒకపక్క నలుగుతాయి, ఒకపక్క సాగుతాయి. చక్రాల ఇరుసుండే హౌసింగు పైకీ కిందికీ పోవడమే కాదు, ఒరుగుతుంది కూడా. దాన్ని పట్టుకుని ఉన్న షాఫ్టు దానితోపాటే పోవాలి. అటు ఇంజనూ గేరుబాక్సూ వాటి రబ్బరు మౌంట్ల మీద ఊగుతాయి. కదిలే రెండు వస్తువుల మధ్య ఉన్న మూడో వస్తువుకు సందు చూడాలంటే, ఆ రెండూ ఎంత దూరం పోగలవో అంత దూరం పంపించి చూడాలి. నేను ఇక్కడ చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే.

మన దగ్గర ఈ మార్పిళ్ళు ఎందుకింత ఎక్కువంటే, బండ్లు అట్లాంటివి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టిన నాటి నుంచి ఆ నమూనా దశాబ్దాలు నడిచింది. 80 అంగుళాల వీల్‌బేసున్న సీజే3బీ, తర్వాత ప్యూజో డీజిలు ఇంజనుతో వచ్చిన ఎంఎం540, ఆ తర్వాత పొడుగాటి కమాండర్లు. షేరాటోలు రాకముందు కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ పల్లెలకు మనుషుల్నీ శెనక్కాయ మూటల్నీ మోసింది ఇవే. పెట్రోలు ఇంజను తాగే తాగుడు భరించలేక డీజిలు పెట్టారు, మూడు గేర్లు చాలక అయిదు గేర్ల బాక్సు పెట్టారు. ఇప్పుడు మిలిటరీ వేలంలో వచ్చిన జిప్సీలకూ అదే జరుగుతోంది. బండి ఛాసిస్ బలంగా ఉంటుంది, మిగతాదంతా మార్చుకోవచ్చన్న ధీమా.

మార్చుకోవచ్చు. కానీ సీజే3బీలో గేరుబాక్సు వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసుకూ వెనక హౌసింగుకూ మధ్య ఉన్నదే సుమారు రెండడుగులు. గేరుబాక్సు మూడంగుళాలు పొడుగైతే ఆ మూడంగుళాలూ ఆ చిన్న షాఫ్టులోంచే పోతాయి.

"బండి సమంగా నిలబెట్టి, పిట్టులో దిగి చూస్తే చాలు."

అన్నిటికంటే ఎక్కువగా వినపడేదీ, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఈ సలహా. పిట్టులో దిగి టార్చిలైటు వేస్తే షాఫ్టుకూ క్రాస్ మెంబరుకూ మధ్య వేలు దూరుతుంది. సరే అనుకుంటారు. ఆ బండి అప్పుడు ఖాళీగా ఉంది, నాలుగు చక్రాలూ ఒకే మట్టంలో ఉన్నాయి, ఇంజను ఆగి ఉంది. ఈ మూడూ కలిసి ఉండేది షెడ్డులోనే.

సరిగ్గా చూడాలంటే ఒక పూట పెట్టుకోండి. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి బండిని నిలపండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. షాకబ్జర్లు విప్పేముందు బండిని వేలాడదీసి, అవి పూర్తిగా సాగినప్పుడు హౌసింగు ఎంత కిందికొచ్చిందో ఛాసిస్ నుంచి టేపు పెట్టి కొలిచి రాసుకోండి. రోడ్డు మీద అంతకంటే కిందికి రాదు. ఆ తర్వాత కమాన్ కట్టలో ఒక్క మెయిన్ పట్టీ ఉంచి మిగతా పట్టీలన్నీ తీసేయండి. ఇది చాలామంది చేయరు, చేస్తే పని ఎంత తేలికవుతుందో చూడండి. పట్టీలన్నీ ఉంటే జాకీతో హౌసింగును ఎత్తబోతే కమాను నలగదు, బండే లేస్తుంది. ఒక్క పట్టీ ఉంటే హౌసింగు జాకీ మీద పైకీ కిందికీ మీరు చెప్పినట్టు వింటుంది.

ఇప్పుడు హౌసింగును మూడు చోట్ల ఆపండి: పూర్తిగా వేలాడినప్పుడు, మామూలు ఎత్తులో, బంప్ స్టాపరు తగిలేదాకా పైకెత్తినప్పుడు. పాత జీపుల్లో ఆ స్టాపరు రబ్బరు ఏనాడో రాలిపోయి ఒట్టి ఇనుప గిన్నె మిగిలి ఉంటుంది. ముందు కొత్త రబ్బరు వేయించి తర్వాత కొలవండి, లేకపోతే ఆ పై కొలతకు అర్థం లేదు. ప్రతి చోటా ఫ్లాంజీ ముఖం నుంచి ఫ్లాంజీ ముఖం దాకా టేపు పట్టి రాసుకోండి. మూడు అంకెలు వస్తాయి. వేలాడితే షాఫ్టు పొడుగవుతుంది, నలిగితే పొట్టిదవుతుంది అని నోటిలెక్క వేయకండి. కమాను నలిగినప్పుడు సాపవుతుంది, సాపైతే పొడుగవుతుంది, షాకిలు ఏ పక్క ఉందో ఆ పక్కకు హౌసింగును నెడుతుంది. అందుకే ఒక్కో బండిలో ఒక్కో రకంగా వస్తుంది. టేపు చెప్పిందే లెక్క.

ఒక పక్క జాకీ ఎత్తి, ఇంకో పక్క వదిలేసి హౌసింగును వాలుగా ఉంచి కూడా చూడాలి, రెండు పక్కలా. వంకలో బండి ఎక్కువసేపు ఉండేది ఈ వాలులోనే.

ప్రతి చోటా గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలు గాల్లో ఉండగా షాఫ్టును చేత్తో నిండుగా ఒక చుట్టు తిప్పండి. షాఫ్టు చివర క్రాసును పట్టుకునే యోకు చెవులు గుండ్రంగా ఉండవు. ఒక కోణంలో ఆగినప్పుడు అర అంగుళం సందు కనిపించిన చోటే, పావు చుట్టు తిప్పేసరికి చెవి వచ్చి గీసుకోవచ్చు. యూజే క్రాసు కూడా అంతే: చుట్టులో ఒకటి రెండు చోట్ల మాత్రమే యోకుకు యోకు ఆనుకుని బిగుస్తుంది. చేతికి ఆ బిగువు తెలుస్తుంది. అక్కడ బలవంతంగా తిప్పకండి; ఏది దేనికి ఆనిందో చూడండి.

కంటికి అందని చోట్ల చెరువు మట్టి ముద్ద పెట్టండి. క్రాస్ మెంబరు అంచున, సైలెన్సరు పైపు మీద, పెట్రోలు ట్యాంకు మూల, ముందు షాఫ్టుకైతే ఇంజను సంపు పక్కన, బెల్ హౌసింగు పక్కన. తడి బంకమట్టిని బొటనవేలంత మందంలో అద్దండి. స్టాండ్ల మీద ఒకసారి అన్ని చోట్లా తిప్పి చూశాక, పట్టీలు బిగించి, చేనిలో గెనిమ మీదికి బండిని ఏటవాలుగా, చాలా నెమ్మదిగా ఎక్కించి దించండి. వచ్చి చూస్తే మట్టి చెబుతుంది. మట్టిలో గాడి పడితే అక్కడ పని ఉంది. ఇంజను ఊగుడు కూడా ఈ గాడిలోకే వచ్చేస్తుంది. ఎర్రమట్టి వద్దు, ఎండితే పొడి రాలిపోతుంది. నల్ల బంకమట్టి నిలబడుతుంది.

ఇంకొకటి. లోడు వేసి కూడా చూడాలి. మీ జీపు శెనక్కాయ మూటలు మోసేదైతే మూటలు వేసి, తిరునాళ్ళకు మనుషుల్ని తీసుకెళ్ళేదైతే మనుషుల్ని ఎక్కించి.

"హ్యాండ్ బ్రేకు వేసి షాఫ్టు ఊడదీయి, యాడికీ పోదు."

ఇది ప్రాణం తీసే సలహా. విల్లీస్ జాతి పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదలయ్యే చోట ఒక డ్రమ్ము ఉంటుంది. బ్రేకు పట్టేది ఆ డ్రమ్మును. షాఫ్టు బిగించి ఉన్నంతసేపే అది చక్రాల్ని ఆపుతుంది. వెనక షాఫ్టు ఊడదీసిన మరుక్షణం మీరు లాగిన లివరుకూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. గేరులో పెట్టినా అంతే. కింద పడుకుని నాలుగో బోల్టు తీస్తున్న మనిషి మీదికి బండి దొర్లుతుంది. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు వేయకుండా ఆ బోల్టు మీద పానా పెట్టకండి. చదును నేలైనా సరే.

"పాత షాఫ్టు కోసి అతికిస్తే అయిపాయ."

కోయొచ్చు, అతికించొచ్చు. ఎట్లా అన్నదే ముఖ్యం. షెడ్డు బయట వెల్డింగు షాపులో కంటితో చూసి అతికించిన గొట్టం రెండు రకాలుగా తప్పుతుంది.

మొదటిది పొడవు. గొట్టం పొడుగై, షాఫ్టు సాగి ముడుచుకోవడానికి ఉండే స్లిప్ యోకు లోపలికి పూర్తిగా దూరిపోతే షాఫ్టు ఒక గునపం అయిపోతుంది. బండి గుంతలో పడి హౌసింగు పైకొచ్చిన దెబ్బంతా ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగు మీదా, పినియన్ బేరింగు మీదా పడుతుంది, కేసే పగలొచ్చు. మరీ పొట్టిగా కోస్తే, బండి వేలాడినప్పుడు స్ప్లైను పళ్ళు కొనలదాకా వచ్చి, రెండో మూడో పళ్ళ అంచుల మీద బరువంతా పడుతుంది, లేదా ఊడే వస్తుంది. ఇందాక రాసుకున్న మూడు అంకెలు ఇక్కడ పనికొస్తాయి. అతి పొట్టి కొలతలో కూడా లోపల ఇంకా ఖాళీ మిగలాలి. అతి పొడుగు కొలతలో కూడా పళ్ళలో సగానికి పైగా పట్టు ఉండాలి. రెండూ కుదరకపోతే ఆ స్లిప్ యోకు మీ బండికి చాలదు, పొడుగు పళ్ళది వెతకండి.

రెండోది వరస. షాఫ్టు రెండు చివర్లా ఉన్న యోకు చెవులు ఒకే వరసలో ఉండాలి. క్రాసు ఉన్న జాయింటు కోణంలో తిరిగేటప్పుడు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ దీన్ని పట్టుకున్నాడు. మొదటి క్రాసు పెట్టిన ఎగుడుదిగుడును రెండో క్రాసు సరిచేస్తుంది. చెవులు ఒక వరసలో ఉండి, రెండు కోణాలూ సమంగా ఉంటేనే. విప్పి బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా, 16 పళ్ళ స్ప్లైనుకు అది 22న్నర డిగ్రీలు. విప్పకముందే సుద్దతో కాదు, పొంచితో రెండు వైపులా గుర్తు కొట్టండి. సుద్ద గ్రీజుకు చెరిగిపోతుంది.

అతుకు వేసిన గొట్టాన్ని లేతులో పట్టించి, వంకర చూసి, బ్యాలెన్సింగు చేయించాలి. 5.38 నిష్పత్తి ఉన్న పాత హౌసింగుతో, 28 అంగుళాల టైర్లతో, బండి 60 కిలోమీటర్ల వేగంలో పోతుంటే షాఫ్టు నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కొద్దిపాటి వంకర కూడా ఛాసిస్ అంతా వణికిస్తుంది.

"గ్యాపు లేకుంటే షాకిళ్ళు పెంచు, బండి లేస్తాది."

బండి లేస్తుంది, సందు వస్తుంది, కోణం చేయి దాటుతుంది. లెక్క చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు కంటే పినియన్ 5 అంగుళాలు కింద ఉందనుకుందాం, షాఫ్టు 20 అంగుళాలు, రెండు ఫ్లాంజీలూ నిటారుగా ఉన్నాయి. కోణం పధ్నాలుగున్నర డిగ్రీలు. కొత్త గేరుబాక్సు మూడంగుళాలు తినేసింది, షాఫ్టు 17 అంగుళాలైంది, కోణం 17. ఇప్పుడు బండిని రెండంగుళాలు లేపారు. కోణం 24 దాటింది. ఇది నిలబడి ఉన్నప్పటిది. చక్రాలు వేలాడితే ఇంకా పెరుగుతుంది. పధ్నాలుగున్నర దగ్గర చుట్టులో వేగం మూడు శాతం అటూ ఇటూ అయ్యేది, 24 దగ్గర తొమ్మిది శాతం దాకా పోతుంది. ఎక్కువ కోణంలో నడిచే క్రాసు ఎక్కువ కాలం ఉండదు. రోడ్డు మీద రోజంతా తిరిగే లారీ షాఫ్టులో మూడు డిగ్రీల లోపు ఉంచాలని చూస్తారు. జీపులో అంత తక్కువ కుదరదు, నిజమే. కుదరదు కదా అని 24కు ఎక్కించడం వేరు.

పక్కకోణం సంగతి ఇంకా దారుణం, ఎందుకంటే అది ఎవరికీ కనపడదు. విల్లీస్ జాతి ట్రాన్స్‌ఫర్ కేసుల్లో షాఫ్టు బండి నడిమధ్య నుంచి కాక ఒక పక్క నుంచి పోతుంది, హౌసింగు గుండ్రని భాగం కూడా అదే పక్కకు ఉంటుంది. ఒకటి మార్చి ఒకటి ఉంచితే షాఫ్టు అడ్డంగా కూడా వంగుతుంది. పక్క నుంచి చూసినవాడికి 12 డిగ్రీలే కనిపిస్తాయి. అడ్డంగా ఇంకో 6 ఉంటే క్రాసు మీద పడేది 13న్నర. పిట్టులో పడుకుని పైకి చూడండి, లేదా రెండు ఫ్లాంజీల నుంచి గుండుదారం నేలకు దించి గుర్తులు పెట్టి కలపండి.

మరి చేయాల్సిందేమిటి? మౌంట్లు ఇంకా వెల్డింగు కాకముందే ఇవన్నీ చూడటం. ఇంజనును ఒక అంగుళం ముందుకు జరపడం, వెనక పక్క కొంచెం దించడం, పొట్టి అడాప్టరు దొరుకుతుందేమో చూడటం ఆ దశలో చేతిలో పని. అప్పటికీ కోణం ఎక్కువైతే ట్రాన్స్‌ఫర్ కేసు వైపు డబుల్ జాయింటు వేసి, పినియన్ ముక్కును దానివైపు తిప్పాలి. జిప్సీలోనైతే ట్రాన్స్‌ఫర్ కేసు వేరుగా, వెనక ఉంటుంది. గేరుబాక్సు నుంచి దానికొక చిన్న షాఫ్టు. పొడుగు గేరుబాక్సు పెడితే ముందు నలిగేది ఆ చిన్నదే. అందరూ వెనక షాఫ్టు చూసి దాన్ని వదిలేస్తారు.

"తగిలే చోట క్రాస్ మెంబరు కోసెయ్."

వద్దు. గేరుబాక్సు బరువు మోసేదీ, ఛాసిస్ రెండు పట్టాల్ని విడిపోకుండా పట్టుకునేదీ అదే. కోయక తప్పకపోతే, కోసిన వంపుకు అంతే మందం రేకుతో కింద నుంచి గిన్నెలాగా కొత్త పట్టీ కట్టించి ఆ తర్వాత బండి దించండి.

"ఊగుడొస్తే రెండు ఇసక మూటలు వెయ్, పోతాది."

మూటలు వేస్తే హౌసింగు పైకొచ్చి కోణం తగ్గుతుంది. ఊగుడు తగ్గిందంటే రోగం కోణంలో ఉందని తెలిసినట్టు. మందు అది కాదు. గ్రీజు ఎక్కువ కొట్టమనే సలహా కూడా ఇలాంటిదే. గ్రీజు కొట్టాలి, క్రాసు నాలుగు గిన్నెల్లోంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. మన దుమ్ముకు అది తరచుగా చేయాల్సిన పని. ఒక గిన్నెలోంచి రాకపోతే ఆ గిన్నె ఎండిపోయి ఉంది, క్రాసు మార్చండి. కానీ కోణం వల్ల వచ్చే వణుకును గ్రీజు ఆపలేదు.

"ముందు షాఫ్టు తీసి పక్కన పెట్టు, ఫోర్ వీలు యాడ వాడ్తావు?"

కొత్త డీజిలు ఇంజను వెడల్పుగా ఉండి ముందు షాఫ్టు సైలెన్సరు పైపుకు తగులుతున్నప్పుడు వచ్చే సలహా ఇది. వినకండి. విల్లీస్ జాతి ట్రాన్స్‌ఫర్ కేసుల్లో లో గేరు టార్కును రెండున్నర రెట్లు చేస్తుంది, అసలు లెక్కలో అది నాలుగు చక్రాలకు పంచాల్సిన బలం. ముందు షాఫ్టు లేకుండా లో గేరు వేస్తే అంతా వెనక షాఫ్టే మోయాలి. రాళ్ళ మిట్ట ఎక్కేటప్పుడు కోణం కూడా అప్పుడే ఎక్కువ. పైపును వంచి, షాఫ్టుకు రెండంగుళాల దూరంలో పెట్టించండి. దగ్గరగా ఉంటే తగలకపోయినా ఆ వేడికి క్రాసులో గ్రీజు కరిగి కారిపోతుంది.

"ఇసకే కదా, మెత్తగా ఉంటాది. షాఫ్టుకేమైతాది?"

బొమ్మనహాళ్ మండలంలో దర్గాహొన్నూరు దగ్గర హగరి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. పెన్నలోనూ చిత్రావతిలోనూ నీళ్ళకంటే ఇసుక పారిన ఏళ్ళే ఎక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఇసుకలో షాఫ్టుకు రాయి తగలదు, అంతవరకూ నిజం. కానీ చక్రం జారి, పట్టి, మళ్ళీ జారుతుంటే వెనక హౌసింగు తన చుట్టూ తాను మెలితిరగబోతుంది. కమాన్లు ఎస్ ఆకారంలో వంగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకే కమాన్లున్న బండిలో పినియన్ ముక్కును నిలబడి ఉన్నప్పుడు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచి బిగిస్తారు, బలం పడ్డప్పుడు సమానానికి వస్తుందని. ఇసుకలో చక్రాలు ఎగిరెగిరి పడుతున్నప్పుడు యాక్సిలరేటరు తొక్కిపట్టకండి, కాలు తీసేయండి. సగం క్రాసులు విరిగేది అక్కడే. ఇసుక స్ప్లైను పళ్ళలో దూరకుండా స్లిప్ యోకు మూతి మీద రబ్బరు సీలు ఉండాలి, పాత షాఫ్టుల్లో అది చూసుకోండి.

"కాగితాలదేముంది, తర్వాత చూసుకోవచ్చు."

తర్వాత కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజను మార్పుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని ఇంకా గట్టిగా చెప్పింది. ఇంజను కొనకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

"ఒకసారి చూశాం కదా, ఇంక చూడాల్సిన పన్లేదు."

కొత్త రబ్బరు మౌంట్లు ఇంజను బరువుకు కొద్ది వారాల్లో కుదురుకుంటాయి, గేరుబాక్సు కొంచెం కిందికి దిగుతుంది. కొత్త పట్టీలు వేసిన కమాన్లు కూడా కూర్చుంటాయి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఫ్లాంజీ బోల్టులు, యూ బోల్టులు మళ్ళీ బిగించి, మామూలు ఎత్తులో షాఫ్టు పొడవు మళ్ళీ కొలిచి పాత అంకె పక్కన రాయండి. నల్లకొండ, రామగిరి వైపు గాలిమరల దారుల్లో కంకర మీద తిరిగే బండ్లకైతే ఈ పని వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి. చూసేటప్పుడు షాఫ్టు గొట్టం మీద రంగు చూడండి. ఎక్కడైనా చుట్టూరా సన్నగా మెరిసే గీత కనిపిస్తే దానికి ఎదురుగా ఏముందో వెతకండి. బ్రేకు పైపు అయితే ఆ రోజు బండి షెడ్డులోంచి కదలకూడదు.